పుష్యమాసపు మూట

మా అత్తవారింట్లో పుష్యమాసం వచ్చిందంటే ఒక మూట తయారయ్యేది. ఎవరైనా అడిగితే సద్దిమూట అనేవాళ్ళం. సద్దిమూటంటే మధ్యాహ్నం తిని, గుడ్డ దులుపుకుని ఇంటికి తెచ్చుకునేది. ఇది అలాంటిది కాదు. కొండమీద మంచులో దారి తప్పిన మనిషి ప్రాణం నిలుపుకోవడానికి కావలసినవన్నీ ఇందులో ఉండేవి. 'తప్పిపోతే' అన్న మాట మాత్రం ఆ ఇంట్లో నోట రాకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. అందుకని భయమంతా చేతులతో మూటగట్టేవాళ్ళం, నోటితో వేరే కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

మాది బొబ్బిలి. అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా వాళ్ళది కొండసరుకు వర్తకం, పసుపు, పిప్పళ్ళు, చింతపండు. చలికాలంలో నా భర్త కొండ ఊళ్ళకి పోయి సరుకు మాట్లాడుకుని వచ్చేవాడు. మాది మేనరికం కనక ఆయన్ని బావ అనే పిలిచేదాన్ని. మా అత్త నాకు సొంత మేనత్తే. బావ రైలు దిగి, కొండ కిందిదాకా బండిలో వెళ్ళి, అక్కణ్ణించి కాలినడకన ఎక్కాలి. మా ఊళ్ళో చలి అంటే పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాకపోవడం, అంతే. కొండమీద మంచు దిగిందంటే పక్కన నడిచే మనిషి కనబడడు. బాట ఎక్కడ ఆగిందో, లోయ ఎక్కడ మొదలైందో తెలియదు. ఒక్కోసారి రోజుల తరబడి విడవదు.

"పుష్యం పొద్దు పూస గుచ్చడానికి సాలదు. మజ్జానం దాటితే సీకటనే అనుకో" అనేది అత్త, అటుకులు చెరుగుతూ.

ముందు అటుకులు, బెల్లం, వేయించిన శనగలు. ఉప్పు దట్టించిన చింతపండు ఉండ ఒకటి. శొంఠి కొమ్ములు. ఆముదంలో నానబెట్టిన గుడ్డపేలికలు, తడికట్టెలైనా అంటుకోవాలని. అగ్గిపెట్టె దొరకడమే గగనంగా ఉన్న రోజుల్లో, ఎక్కడో సంపాదించి, దాన్ని వెదురుగొట్టంలో దూర్చి, మూతకి లక్క పెట్టేది అత్త. పైన గొంగళి చుట్టేది. అన్నిటికన్నా చివర, మా పాత బండి ఎద్దు మెడలోది ఒక ఇత్తడి గంట.

ఆ గంట చూస్తే బావకి ఒళ్ళుమంట. "ఏటమ్మా, నన్ను ఎద్దుని సేసేస్తన్నావా?" అనేవాడు.

"ఎద్దుకైతే బుద్ధుంటాది. దారి అదే ఎతుక్కుని ఇంటికొస్తాది. నీకేటి తెలుస్తాది?" అనేది అత్త, ముడి బిగిస్తూ.

ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ గంట ఎందుకో నాకు తెలుసు. మంచులో అరిచి అరిచి గొంతు పోతుంది. గంటకి గొంతు పోదు.

మా మావయ్య, అంటే బావ తండ్రి, నా పెళ్ళికి ముందటి చలికాలంలో కొండమీదే పోయాడు. నేను కాపరానికి వచ్చేనాటికి ఆ సంగతి ఇంట్లో గోడల్లోకి ఇంకిపోయి ఉంది. వస్తానన్న రోజుకి ఆయన రాలేదు. మగవాళ్ళంతా పార్వతీపురం రైలెక్కి ఆ వైపు కొండలన్నీ గాలించారు. ఆయన ఎప్పుడూ వెళ్ళే వైపు అదే. ఆ ఏడు ఆయన వెళ్ళింది సాలూరు వైపు. ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

ఎలా తెలుస్తుంది? గుమ్మం దాటేవాణ్ణి ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది, మనిషికే చెడుతుంది. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అనొచ్చు. "ఊ" అంటాడు. దానికి తోడు వర్తకం గుట్టు ఒకటి. ఏ కొండకి పోతున్నాడో పక్క కొట్టువాడికి తెలిస్తే, వాడు ముందే పోయి సరుకు పట్టేస్తాడు. అందుకని మా వాళ్ళు తూర్పుకి పోతూ బజారులో పడమర అని చెప్పేవారు. మా ఆచారమూ మా తెలివీ కలిసి మావయ్యని పొట్టన పెట్టుకున్నాయని నా కోపం. ఇప్పటికీ అదే అంటాను.

మంచు విడిచాక కొండవాళ్ళకి ఆయన ఒక రాతిచరియ కింద కనబడ్డాడు. మూటగుడ్డ నీటుగా మడతపెట్టి తలకింద పెట్టుకున్నాడు. అందులో ఒక్క అటుకు లేదు. "పోనీలే, ఆకలితో పోలేదు" అని చుట్టాలు ఓదార్చారట. అత్త ఆ మాటని మరోలా విన్నది. మూట నిండుకునేదాకా ఆయన బతికే ఉన్నాడు. అన్నాళ్ళూ వీళ్ళు వస్తారని చూశాడు. ఒకసారి రోట్లో శొంఠి దంచుతూ నాతో అంది: "ఇంకో సేరు అటుకులెట్టుంటే మనోళ్ళు అందుకుందురేమో."

అందుకే ఏటేటా మూట పెంచుకుంటూ పోయింది. మూట పెద్దదైన కొద్దీ నా భయమూ పెరిగేది. అటుకులు ఎక్కువైతే మా బావ కూడా ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఎదురుచూస్తాడు, అంతే కదా. వెతికేవాళ్ళు వేరే కొండమీద ఉంటే మూట ఎంతదైతే ఏం?

ఈ ఆలోచన ఒకసారి పట్టుకున్నాక నన్ను వదల్లేదు.

ఒక ఏడు బావ బయల్దేరిన పొద్దున, నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురు వచ్చాను. అత్త లోపలి తలుపు వెనక ఉంది. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదు కనక, కన్నకొడుకు బయల్దేరేటప్పుడు కూడా ఆవిడ కనబడేది కాదు. బావ మూట భుజాన వేసుకుని గడపమీద కాలు పెట్టాడు.

"బావా, ఎక్కడికి?" అన్నాను.

ఆయన కాలు అలాగే ఆగిపోయింది. లోపలి నుంచి అత్త, "ఒలమ్మ, ఎంత పని సేసినావే" అంది.

ఇక చేసేదేముంది. బావ వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీటమీద కూర్చున్నాడు. అపశకునమైతే మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. "నీకు మతి పోనాదేటే?" అన్నాడు, నీళ్ళు అందుకుంటూ.

"ఎలాగూ అడిగీసినాను. సెప్పకుండా ఎల్తే అడిగిన పాపం నాకు మిగుల్తాది, తెలిసిన లాభం ఎవరికీ ఉండదు. సెప్పీ బావా" అన్నాను.

కోపంలోనే ఆయనకి నవ్వొచ్చింది. "వర్తకుడి కూతురివి అనిపించినావు" అని, గొంతు తగ్గించాడు. "సాలూరు. పాచిపెంట కాణ్ణించి కొండెక్కుతాను. బజార్లో పార్వతీపురం అని సెప్పినాను. నీ నోట్లోనే ఉంచు."

ఆయన వెళ్ళాక అత్త నాతో మాట్లాడడం మానేసింది. వండింది తినేది, పనులు సైగలతో చెప్పేది. అంతకుముందు నా భయం మంచుని చూసి. ఇప్పుడు నా నోటిని చూసి కూడా. ఆయనకేమైనా అయితే, అడిగిందాన్ని నేనే. బొబ్బిలిలోనే ఆ వారం ఎదురింటి అరుగు కనబడనంత మంచు పట్టింది. ఇక్కడే ఇలా ఉంటే అక్కడెలా ఉందో అని మాటిమాటికీ వీధిలోకి తొంగిచూసేదాన్ని.

సంత మర్నాటికి వస్తానన్న మనిషి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. చిన్నమావ, అంటే మా మావయ్య తమ్ముడు, నలుగురు మగవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. "పార్వతీపురం రైలు అందుకుందాం. బజార్లో ఆడు సెప్పిందదే" అన్నాడు.

మగవాళ్ళ మధ్యకి వెళ్ళి నోరు విప్పే కోడళ్ళ కాలం కాదది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి. దారిలో ఆయన మనసు మార్చుకుని నిజంగానే పార్వతీపురం పోయుంటే? అప్పుడు వెతికేవాళ్ళని నేనే తప్పు కొండకి తోలినట్టు. గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

"పార్వతీపురం కాదు. సాలూరు" అన్నాను.

"నీకెవరు సెప్పినారమ్మా?" అన్నాడు చిన్నమావ.

"నేనే అడిగినాను. బయల్దేరినప్పుడు."

వచ్చినవాళ్ళలో ఒకాయన, "బయల్దేరినోణ్ణి అడిగితే ఇంకేటుంటాది" అని గొణిగాడు.

అప్పుడు లోపలి నుంచి అత్త గొంతు వినబడింది. అన్నాళ్ళకి ఆవిడ పెదవి విప్పడం అదే. "అది అడిగినాది. ఆడు సెప్పినాడు. తలుపెనకాల నేనూ విన్నాను. పాచిపెంట కొండ. బేగి ఎల్లండి."

వాళ్ళు సాలూరు వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా మేమిద్దరం ఎలా ఉన్నామో రాయడం నా వల్ల కాదు. వీధిలో బండి చప్పుడైతే చాలు, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

బావని బండిలో తెచ్చారు. బతికే ఉన్నాడు. చీలమండ విరిగి, కాలు కుండలా వాచిపోయింది. మంచులో జారిపడి, కదలలేక ఒక బండరాతి చాటున పడున్నాడు. గంట వాయిస్తూనే ఉన్నాడట. దగ్గరి కొండ ఊరివాళ్ళకి అది వినబడుతూనే ఉందట. ఎవరిదో ఎద్దు తప్పిపోయింది, మంచు విడిచాక చూద్దామనుకున్నారట. ఆ ఎద్దుని ఏళ్ళ తరబడి తోలిన చిన్నమావ మాత్రం వినీ వినగానే గుర్తుపట్టాడు. "సచ్చిపోయిన ఎద్దు గంట ఈ కొండమీద మోగితే ఇంకెవరనుకుంటాను?" అన్నాడు.

అత్త కొడుకు కాలు వైపు చూడలేదు. ముందు మూట అందుకుంది. ముడి పళ్ళతో లాగింది. లోపల చెయ్యిపెట్టి తడిమింది. అడుగున గుప్పెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క. వాటిని అరచేతిలోకి తీసుకుని నాకు చూపించి, "మిగిలినాయే అమ్మీ" అంది. అని, బావురుమని ఏడ్చింది. మావయ్య పోయినప్పుడు కూడా ఆవిడ అంత ఏడవలేదని చిన్నమావ తర్వాత చెప్పాడు.

మరుసటి పుష్యమాసానికి బావ కాలు కుదురుకుంది. మళ్ళీ మూట కట్టాం. అటుకులు ఈసారి పెంచలేదు. పొద్దున్నే నేను నీళ్ళచెంబుతో ఎదురు వచ్చాను. అడగడానికి నోరు తెరవబోతుంటే నా వెనక లోపలి తలుపు చప్పుడైంది. అత్త బయటికి వచ్చింది. తెల్లచీరతో, నేరుగా గడప దగ్గరికి, కొడుక్కి ఎదురుగా.

"ఎక్కడికిరా?" అంది.

బావ వెనక్కి వచ్చి పీటమీద కూర్చున్నాడు. నేను నీళ్ళందించాను. ఆయన ఎక్కడికో చెప్పి, తాగి, లేచేదాకా అత్త అక్కడే నిలబడింది.

"మీ నాన్ననీ అడిగుంటే బాగున్ను" అంది.