గడియకు వేసిన ధర

పాతికేళ్లకు పైగా నేనొక మాట మోస్తున్నాను. "రాలేదు" అన్న మాట. ఎంత చిన్నదో చూడండి. దాని బరువెంతో నా భార్యకు తెలియదు, నా అన్నదమ్ములకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. అడిగినా చెప్పేంత ధైర్యం నాకింకా లేదు.

నేను ఎవర్నీ చంపలేదు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలనిపించింది. ఎందుకనిపించింది? ఇప్పుడు కూడా తప్పించుకునే సందు వెతుకుతున్నానా?

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. అంతకుముందు కాకినాడలో ఒక హార్డ్‌వేర్ షాపులో పదకొండేళ్లు పనిచేశాను. మడతబందులు, కుళాయిలు, గొళ్లాలు, చేత్తో పట్టుకుంటే చాలు, ఏది ఎంత చేస్తుందో చెప్పేవాణ్ని. ఆ విద్యే నన్ను సముద్రం దాటించింది. హమద్ టౌన్ చివర ఒక సేవాసంఘం వాళ్లు పెద్ద రేకుల షెడ్డులో స్టోరు నడిపేవారు. ఇళ్లు పడగొట్టేవాళ్లు, బాగుచేయించుకునేవాళ్లు తమకు అక్కర్లేని తలుపులు, వాష్‌బేసిన్లు, ఏసీలు, మిగిలిపోయిన టైల్సు ఊరికే ఇచ్చేవారు. వాటిని చవగ్గా అమ్మి, వచ్చినదాన్ని సంఘం మంచిపనులకు వాడేది. వచ్చిన ప్రతి వస్తువు మీదా ధర చీటీ అంటించడం నా డ్యూటీ.

మంచిపనికి పెట్టిన స్టోరే, కాదనను. కానీ అందులో గడిపిన రోజులు గుర్తొస్తే ముందు నాకు దెబ్బల చప్పుడే వినిపిస్తుంది. గునపాలతో పెకలించిన ద్వారబంధాలు గోడ పెళ్లలతో సహా వచ్చేవి. సుత్తులతో మేకులు ఊడబీకేవాళ్లం. పగిలిన టైల్సు అరచేతుల్ని కోసేవి. ఆ వేడికి, ఆ దుమ్ముకి అరవకుండా మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు.

సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. వారానికోసారి వచ్చి అన్నీ చూసి వెళ్లేది. నేను చేరిన రోజే హిందీలో నాతో అంది: "వస్తువును చూసి ధర వెయ్యి. మనిషి ముఖం చూసి తగ్గించు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఆ అధికారం నీది." అందుకే, నా చేతుల్లో ఏమీ లేదని నేను మీకు చెప్పడానికి వీల్లేదు.

రోజూ స్టోరు చూసుకునే మేనేజరు వేరు. చేయి దురుసు మనిషి. అంతకుముందు వారం నేనొక వాష్‌బేసిన్‌కు మూడు దీనార్లు వేశాను. అది ఖరీదైన విదేశీ సరుకని పోల్చుకోలేకపోయాను. ఒక వ్యాపారి దాన్ని కొని ముప్ఫైకి అమ్ముకున్నాడట. ఆ సంగతి తెలిసిన రోజు పొద్దున మేనేజరు నా కాలరు పట్టుకుని టైల్సు వరుసల మధ్యకు ఈడ్చుకొచ్చాడు. కొనడానికి వచ్చినవాళ్లందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడు. ఒకటి కాదు. నాలుగో దెబ్బకు నా పెదవి పంటికి తగిలి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. "ఇంకోసారి తక్కువ వేశావో, ఖలాస్. వీసా కొట్టేయించి ఇంటికి పంపేస్తా" అన్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, నలభై దగ్గరపడుతున్న మనిషిని. ఎవరూ అడ్డం రాలేదు. ఒకాయన మా పక్కనే నిలబడి కుళాయి మర తిప్పి చూసుకుంటున్నాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. బల్ల మీద పైపు రెంచి ఉంది. దాంతో ఆ మేనేజరు తల ఎన్నిసార్లు పగలగొట్టానో, మనసులో. పుర్రె చిట్లిన చప్పుడు కూడా విన్నాను. కొట్టాలి. ఎవర్నో ఒకర్ని కొట్టాలి. ఆ గంటలో నాలో ఉన్నది అదొక్కటే.

ఆ గంటలోనే లోవ వచ్చింది.

లోవ ఆమె అసలు పేరు కాదు, నేను పెట్టిన పేరు. కోనసీమ మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. బుసైతీన్‌లో ఒక ఇంట్లో పనికి ఉండేది. వాళ్ల మేడం కొత్తిల్లు కట్టుకుంటూ మా స్టోరుకు వచ్చినప్పుడల్లా సామాన్ మోయడానికి ఆమెను వెంట తెచ్చేది. నేను తెలుగువాణ్నని తెలిసిన దగ్గర్నుంచి కనిపిస్తే "బాగున్నారాండి బాబుగారూ" అనేది. ఆ రోజు మేడం టైల్సు ఏరుకుంటుంటే, ఆమె గబగబా నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో ఇత్తడి గడియ ఉంది. పాతకాలపు సరుకు, జానెడు పొడవు, బరువుగా ఉంటుంది. దాని మీద దీనారు చీటీ అంటించింది నేనే.

"బాబుగారూ, ఇది నాకిప్పించండి. నా కాడ మూడొందల ఫిల్సులే ఉన్నాయండి" అంది.

"దీనారని రాసుంది, వెయ్యి ఫిల్సులు. కనపడట్లేదా?"

"చదువు రాదండి నాకు. నా జీతం మేడం మా ఇంటికే పంపేత్తాదండి, చేతికివ్వదు. మిగతాది ఎలాగోలా తెచ్చిత్తాను."

"అయినా గడియ నీకెందుకు?"

ఆమె ఒకసారి వెనక్కి చూసింది. గొంతు తగ్గించింది. "మా ఇంట్లో డ్రైవరండి. మన దేశపోడే. వంటింటి ఎనకాల నా గదికి లోపల గొళ్లెం లేదు. మజ్జానం అందరూ పడుకున్నాక తలుపు తోసుకుని వత్తన్నాడు. మొన్న అరవబోతే పీక పట్టుకున్నాడండి." మెడకు చుట్టుకున్న గుడ్డ కొంచెం కిందికి లాగింది. కంఠానికి రెండు వైపులా వేళ్ల గుర్తులు, నల్లగా కమిలి ఉన్నాయి.

నేను చూశాను. చూడలేదని ఇప్పుడు కూడా అనలేను. నా జేబులో ఆ వేళ దీనారుంది కూడా.

వరుస అవతల మేనేజరు నిలబడి మా వైపే చూస్తున్నాడు. నేను అతనికి వినపడేలా గొంతు పెంచాను. "ఇదేమన్నా సత్రం అనుకున్నావా? ధరంటే ధరే. గదికి గడియ కావాలట! ఏం, లోపల బంగారం దాచావా?" అని నవ్వాను.

"బంగారం లేదండి" అంది లోవ. "నేనున్నాను."

ఆ మాటకు నాకు సిగ్గు రావాలి. కోపం వచ్చింది. ఆమె పిడికిట్లోంచి గడియ లాగాను. వదల్లేదు. మళ్లీ లాగాను. ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆమె మణికట్టు మెలిపెట్టి, విసురుగా ఒక్క గుంజు గుంజాను. గడియ అంచు అరచేతిని కోసుకుంటూ ఊడి వచ్చింది. ఆమె అరవలేదు. రక్తం కారుతున్న చేతిని మెడగుడ్డలో చుట్టుకుని, కళ్లు దించుకుని మేడం వెనక వెళ్లిపోయింది. మేనేజరు నన్ను చూసి తలాడించాడు. భేష్ అన్నట్టు. నాకా క్షణాన హాయిగా అనిపించింది. ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. అయినా రాస్తున్నాను. పొద్దుటి నుంచి నాలో బుసకొట్టినదేదో చల్లారినట్టు, నిజంగా హాయిగా అనిపించింది.

మర్నాడు అదే గడియను ఒక ముసలాయన దీనారిచ్చి కొనుక్కెళ్లాడు. పావురాల గూటికట.

పది రోజుల తర్వాత సంగతి తెలిసింది. మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతున్న వేళ డ్రైవరు మళ్లీ వచ్చాడు. లోవ తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టుకుంది. బస్తాతో సహా తోసుకుని లోపలికొచ్చాడు. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. కింద పడ్డాక డొక్కలో తన్నితే పక్కటెముక విరిగింది. మంచం కింద ఆమె వంటింటి ఇనుప రోకలి దాచుకుని ఉంది. అది చేతికందింది. అతను కదలడం మానేదాకా కొట్టింది. ప్రాణం పోలేదు గాని దవడ నుజ్జయింది, ఒక కన్ను పోయింది. స్పృహ వచ్చాక అతను చెప్పిన కథ ఒకటే: ఆమే నన్ను రమ్మంది, ఏదో మాటా మాటా పెరిగి నిద్రమత్తులో ఉన్నవాణ్ని కొట్టింది అని. పదేళ్లుగా ఆ ఇంట్లో నమ్మకంగా ఉన్నవాడు. అతని మాటే చెల్లింది.

ఆ వారం పెద్దావిడ తన రోజు కాని రోజున వచ్చింది. సరాసరి నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది. వెనక మేనేజరు ఉన్నాడు. ఆవిడ అంది: "పోలీసుల దగ్గరున్న తెలుగమ్మాయి ఒకే మాట చెబుతోంది. ముందే భయపడి నీ దగ్గరికి గడియ కోసం వచ్చిందట. మెడ మీద గుర్తులు నీకు చూపించిందట. అది నిజమని నువ్వు చెబితే ఆమెకు పెద్ద ఆధారం. చెప్పు, వచ్చిందా?"

"గుర్తులేదు" అనొచ్చు. రోజూ ఎంతోమంది వస్తారు, గుర్తులేదంటే ఎవరూ తప్పుపట్టరు, ఆవిడ ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి నా నోటి నుంచి నిజం లాగేదేమో కూడా. ఆ సందు కూడా నేను ఉంచలేదు. వచ్చిందంటే ఎందుకివ్వలేదని అడుగుతారు. ఆ చెయ్యి ఎవరు కోశారని అడుగుతారు. స్టేషనుకు రమ్మంటారు. ఇవన్నీ ఒక్క రెప్పపాటులో లెక్క కట్టాను. వస్తువు చూసి విలువ కట్టడంలో చేయి తిరిగినవాణ్ని కదా.

"రాలేదు మేడం. ఆవిడెవరో నాకు తెలియదు" అన్నాను.

పెద్దావిడ నన్ను కాసేపు చూసింది. నా పెదవి మీద అప్పటికింకా పక్కు ఉంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

లోవను ఎనిమిది నెలలు జైల్లో ఉంచి ఊరికి పంపేశారు. నేను ఇంకో మూడేళ్లు అక్కడే చీటీలు అంటించాను. నిద్ర పట్టేదా అని మీరడిగితే, పట్టేది. అదే నాకు అన్నిటికన్నా భయం వేసే విషయం.

ఇండియాకు తిరిగొచ్చాక ఆమె ఊరు కనుక్కుని వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. చెల్లెలి ఇంటి అరుగు మీద కొబ్బరి పీచుతో తాళ్లు పేనుతోంది. నన్ను ఆమే ముందు పోల్చుకుంది. "ఎవరూ, బాబుగారా!" అంటూ లేచి కుర్చీ వేసింది. బొండం కొట్టించి ఇచ్చింది. నేను తాగాను.

అడక్కుండానే అన్నీ చెప్పింది. డ్రైవరును తనే రమ్మందన్న పుకారు ఆమె కన్నా ముందే ఊరు చేరిందట. బస్సు దిగిన చోటే మరిది జుట్టు పట్టుకుని రోడ్డు మీద ఈడ్చాడట. మూతి మీద చెప్పుతో కొట్టాడట. మొగుడు కిళ్లీకొట్టు దగ్గర నిలబడి చూశాడట. "డ్రైవరోడు కొట్టినప్పుడు నేను తిరిగి కొట్టానండి. ఈళ్లని కొట్టడానికి చేతులు లేవలేదు" అంది.

నేను నోరు తెరవబోయాను. అప్పుడే ఆమె అడిగింది.

"బాబుగారూ, ఒక్కటడగనా? అప్పుడు పోలీసోళ్లకి మీ స్టోరు పేరు చెప్పానండి, మీరే సాక్షని చెప్పాను. మిమ్మల్నెవరూ అడగలేదేంటండి?"

పీచు దుమ్ము మా ఇద్దరి మధ్యా తేలుతోంది. ఇంతకన్నా మంచి అదను ఏ మనిషికైనా దొరుకుతుందా?

"లేదమ్మా. నన్నెవరూ అడగలేదు" అన్నాను.

"అదే అనుకున్నానండి. అడిగుంటే మీరు చెప్పుందురు." ఆమె మళ్లీ తాడు అందుకుంది. "ఆ రోజు నా మీద కోప్పడ్డారు గాని, మీ పెదవి చిట్లి ఉందండి. చూశాను. మిమ్మల్నీ ఎవరో కొట్టారనుకున్నాను."

లేచి వచ్చి బస్సెక్కాను. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. ఆమె ఉందో లేదో కూడా కనుక్కోలేదు. మేనేజరు కొట్టాడు కాబట్టి నేనలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. గడియ లాక్కున్నప్పటికి ఆ సాకు సరిపోతుందేమో. పెద్దావిడ అడిగిన రోజున నన్నెవరూ కొట్టలేదు. అరుగు మీద కూర్చుని బొండం తాగినప్పుడు అసలే కొట్టలేదు.

మీరు క్షమించనక్కర్లేదు. క్షమించే హక్కు మీది కాదు, అడిగే హక్కు నాదీ కాదు. కానీ ఇంతవరకూ రాశాక, చాలా ఏళ్ల తర్వాత, గుండెల నిండా ఊపిరి అందుతోంది. ఆ మాత్రం సుఖానికైనా నేను తగుదునా? తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తాను. ఆమెకు చదువు రాదని తెలిసే రాస్తున్నాను.

అడిగారు, లోవా. నన్నే అడిగారు. నా ఎదురుగా నిలబడి, నీకోసం అడిగారు. నువ్వు రాలేదని చెప్పాను.