రోజులు లేని చార్టు

మా ఆయన రాజోలులో లెక్కల మాస్టారు. డెబ్భైల చివర్లో, మా అమ్మ నా పేర రాసిన కొబ్బరి దొడ్డి అమ్మి, నా పేరనే ఒక సిమెంటు కంపెనీ షేర్లు కొన్నారు. రేటు పెరిగాక వాటిని అమ్మి, తాటాకు ఇల్లు తీసి డాబా కట్టాలని మాట. ఆ మాట పట్టుకుని ఎన్ని వానాకాలాలు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ గడిపానో నాకే తెలుసు.

సాయంత్రం పేపరొస్తే నేను రేటు చదివేదాన్ని. ఆయన గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి, నిన్నటి చుక్కతో కలిపేవారు. గీత పైకి పోతుంటే "ఇంకా పెరుగుద్ది, ఆగు" అనేవారు. కిందికి దిగితే "ఇప్పుడమ్మితే నష్టం, ఆగు" అనేవారు. ఎటు పోయినా ఆగాల్సింది నేనే.

గోదారికి వరదొచ్చి రేవు దాటించే పంటు ఆగిపోతే పేపరొచ్చేది కాదు. ఆ ఖాళీ రోజుల మీదుగా గీత లాగెయ్యడం ఆయనకి నచ్చలేదు. "ఇది అబద్ధం చెబుతోందే" అని, రోజుకో నిలువు గీత గీయడం మొదలెట్టారు. పై కొస ఆ రోజు హెచ్చు రేటు, కింది కొస తగ్గు రేటు, పక్కన చిన్న అడ్డగీత ముగింపు రేటు. ఇక నేను ఒకటికి మూడు అంకెలు చదవాలి, పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే.

తర్వాత ఎక్కణ్ణుంచో ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. అందులో రేటు పెరిగితే ఇంటూ గుర్తు, తగ్గితే సున్నా. చెప్పుకోదగ్గంత కదలకపోతే ఏమీ వెయ్యక్కర్లేదు.

"చూసేవా, ఇందులో రోజులే లేవు! పేపరు రాకపోయినా ఫర్వాలేదు. మన లంకలకి ఇదే సరైన చార్టు" అని మురిసిపోయారు.

రోజులు లేవట! నాకు ఒళ్ళు మండింది. ఆయన కాగితంలో లేని రోజులన్నీ ఈ ఇంట్లో నేను గడిపినవే.

ఆ వానాకాలం మంచం జరుపుకోవడానికి కూడా పొడి చోటు మిగల్లేదు.

"షేర్లు అమ్మేస్తానండీ. సంతకం నాదే కదా" అన్నాను.

ఆయన తెల్లబోయారు. "ఏ చార్టు చూసి చెబుతున్నావు?"

"ఏదీ చూళ్ళేదండీ. అలిసిపోయేను."

ఆయనే లేచి కలం తెచ్చిచ్చారు.

డాబా లేచింది. ఆ వెనకే షేరు రేటూ లేచింది. మాది కాని ఆ షేరుకి ఆయన చార్టు గీస్తూనే ఉన్నారు, ఇంటూ మీద ఇంటూ. ఒక ముసురు మధ్యాహ్నం ఆ కాగితం నా ముందుకు తెచ్చి, "ఇంకొక్క ఏడాది ఆగుంటే డాబా కాదు, మేడే కట్టేవాళ్ళం" అన్నారు.

"ఆయ్" అని ఊకొట్టాను. కోపం కూడా రాలేదు. పొడి మంచం మీద అటు తిరిగి పడుకున్నాను.