మూడో భాగం తర్వాత ఏమీ లేదు

దోన్ సిరియాకో లెక్క మూడు దగ్గర ఆగిపోతుంది. అంకెలు రాక కాదు. వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా లాగి చెవిపోగులు అల్లే మనిషి, మా లూకే ఊళ్ళో ఆయనంత కచ్చితంగా కొలిచేవాడు ఇంకొకడు లేడు. కానీ ‘ఏడు చంద్రుల నౌక’ అనే అంతరిక్షం సినిమాల మాట ఎత్తారంటే ఒకటి, రెండు, మూడు, అంతే. నాలుగోదీ ఐదోదీ లోకమంతా చూసింది, కొట్టుకుంది, మళ్ళీ చూసింది. దోన్ సిరియాకో దృష్టిలో మాత్రం వాటిని ఎవరూ తియ్యనేలేదు. “మూడో భాగం తర్వాత ఏమీ లేదు” అంటాడు, కుర్చీ చేతి మీద ఒక్కటి కొట్టి. ఆయనకి నాలుగో మనవడు పుట్టినప్పుడు కూతురు భయంభయంగానే బిడ్డని చేతికిచ్చింది. వాడి మొహంలోకి చాలాసేపు చూసి, “సరే, వీణ్ణి మాత్రం ఒప్పుకుంటున్నాను” అన్నాడట.

ఈ గొడవంతా నాకెలా తెలుసంటే, జరిగేది నా కొట్టు ముందే. నా పేరు పెత్రోనా, మర్యాదకి అందరూ న్యా పెత్రోనా అంటారు. చర్చి ఎదుటి వీధిలో ముప్ఫై ఏళ్ళుగా మూలికలు దంచి అమ్ముతున్నాను. రోజూ పొద్దున పదింటికి నా రోలు పక్కన నాలుగు కుర్చీలు పడతాయి. కొమ్ము గ్లాసు నిండా తెరెరె ఆకు, దాని మీద నేను దంచిన మూలికలు కలిపిన ఐసునీళ్ళు, పీల్చడానికి ఒకటే వెండి గొట్టం. ఒకరు తాగాక మళ్ళీ నింపి ఇంకొకరికిస్తాను. అలా గ్లాసు తిరుగుతుంటే మేము ఊళ్ళోవాళ్ళని ఆడిపోసుకుంటాం. దీనికి ఒకటే నియమం. గ్లాసు తిరిగిస్తూ థాంక్స్ అనకూడదు. అన్నారా, ఇక నాకు చాలు, నేను లేస్తున్నాను అని లెక్క. తర్వాత ఆ మనిషిని ఎవరూ పిలవరు. రావాలనిపించినప్పుడు తనే వచ్చి కూర్చోవాలి.

మొదటి కుర్చీ నాది, రెండోది తోరీబియోది. హార్పులనే తీగల వాద్యాలు చేస్తాడు. సిరియాకో కూతురికి బాప్తిస్మం ఇప్పించినప్పుడు జ్ఞానపితగా నిలబడ్డది ఇతనే, కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు. మా దగ్గర ఆ వరస తోడబుట్టిన బంధం కంటే గట్టిది. కుర్రతనంలో మొదటి మూడు సినిమాలూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చూశారు. పదేళ్ళ కిందట తోరీబియోకి చూపు పోయింది. పని మాత్రం మానలేదు. వేళ్ళతో తడిమి, చెవితో విని ఇప్పటికీ హార్పులు చేస్తూనే ఉన్నాడు. చూపు పోయిన మూడేళ్ళకి ఆ నాలుగో సినిమా వచ్చింది.

మూడో కుర్చీ దెల్ఫీనాది. పోస్టాఫీసులో పనిచేస్తుంది. పది నిమిషాల విరామం అని వచ్చి గంట కూర్చుంటుంది. కొత్త సినిమాలంటే ప్రాణం పెడుతుంది.

“నాలుగోదాంట్లో సముద్రం ఎండిపోయిన ఓడరేవు చూపిస్తారు కదా, అది చూస్తే నాకు ఏడుపు ఆగదు” అంటుంది ఆ పిల్ల.

“నాలుగోదా? అదేంటి?” అంటాడు సిరియాకో.

“నిన్న గంటసేపు తిట్టారు కదండీ!”

“లేనిదాన్ని తిట్టకూడదని ఎక్కడైనా రాసుందా?”

ఇక మొదలు. “చూడమ్మాయ్, మూడు సినిమాల్లో ఏడు చంద్రుల్ని కాపాడిన కెప్టెన్ ఒర్దాన్ మెట్ల మీద కాలు జారి చస్తాడా? అదీ పదిహేడో మెట్టు మీద! పైన గొట్టం కారుతోంది, చుక్క చుక్కగా మెట్టు మీద పడుతోంది. ఎర్రకోటు పిల్ల కిందనుంచి చూస్తూనే ఉంది. అరిచిందా? నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. అంతలో వెనకాల కిటికీలోంచి ఆ నీలం వెలుగు వచ్చి దాని మొహం మీద పడి...” అక్కడ టక్కున ఆగి, “చెత్త!” అంటాడు.

“మెట్లు రాతివా, ఇనపవా?” అని తోరీబియో అడుగుతాడు, తెరెరె పీలుస్తూ.

“ఇనపవిరా. తుప్పు పట్టినవి. అడుగేస్తే మోగుతాయి.”

“అయ్యో, ఎంత ఘోరం” అంటాడు తోరీబియో తృప్తిగా.

కానీ సిరియాకోకి అసలు మంట నౌక తలుపు మీద. “మొదటి మూడింట్లో తలుపు కుడివైపుకి తెరుచుకుంటుంది. నాలుగోదాంట్లో ఎడమవైపుకి! ముప్ఫై ఏళ్ళు అదే నౌక, అదే తలుపు. బందులు రాత్రికి రాత్రి నడిచి అవతలికి వెళ్ళాయా?” ఈ తలుపు గురించి ఆయన ఏడేళ్ళు మాట్లాడాడు. చర్చి ఫాదర్‌తో మాట్లాడాడు. పళ్ళు పీకించుకుంటూ నోట్లో దూది పెట్టుకుని డాక్టరుతో మాట్లాడాడు. నేను ఆయన వంతు నీళ్ళలో ఒళ్ళు చల్లబరిచే ఆకు రెండింతలు వేసేదాన్ని. ఏమీ పనిచెయ్యలేదు.

అంతా అయ్యాక ప్రతిసారీ సిరియాకో, తోరీబియో భుజం తట్టి, “అదృష్టవంతుడివిరా తోరీ. ఈ దరిద్రం చూసే కర్మ నీకు లేదు” అనేవాడు. చూపు లేని మనిషితో అనే మాటేనా అది? ఒకరోజు నేను రోకలి ఎత్తి మరీ చీవాట్లు పెట్టాను. “మీకు బుద్ధుందా దోన్ సిరియాకో?” అన్నాను. ఆయన తలొంచుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. తోరీబియోనే, “పోనివ్వండి న్యా పెత్రోనా, వాడన్నది నిజమే కదా” అని నన్ను ఊరుకోబెట్టాడు.

ఐదోది వచ్చిన రోజు సిరియాకో సినిమా హాలు ముందు గొడుగేసుకుని నిలబడి, వరసలో ఉన్నవాళ్ళందరికీ ఇళ్ళకి పొమ్మని ఉపదేశం చేశాడు. ఉపదేశం చేస్తూ చేస్తూ వరసతో పాటు ముందుకి జరిగి, కిటికీ దాకా వచ్చి టికెట్టు కొనుక్కున్నాడు. “శత్రువు ఇల్లు చూడకుండా తిడితే మర్యాదగా ఉండదు” అన్నాడు. ఆ మర్యాద కోసం పద్నాలుగు సార్లు వెళ్ళాడు. దెల్ఫీనా వెళ్ళింది ఐదుసార్లే.

ఈ జనవరిలో ఆఖరిది, ఆరోది, వస్తోందని తెలిసింది. దెల్ఫీనా గాల్లో తేలుతూ వచ్చింది. “ఈ శనివారం కాదు, పై శనివారం మూడింటి ఆటకి నాలుగు టికెట్లు కొన్నాను. దోన్ తోరీబియో కూడా వస్తున్నారు. నేను పక్కన కూర్చుని బొమ్మంతా ఆయన చెవిలో చెప్తాను. ముందు నాలుగోదాని కథా ఐదోదాని కథా చెప్పేస్తాను, అవెంత గొప్పవో ఆయనకీ తెలియాలి కదా!”

సిరియాకో మొహం పాలిపోయింది. “వాడెందుకు? వాడికేం అవసరం?”

“ఆఖరిది కదరా. ఒకసారి వెళ్ళొద్దాం” అన్నాడు తోరీబియో.

సిరియాకో లేచాడు. గ్లాసు నా చేతిలో పెట్టాడు. “థాంక్స్” అన్నాడు, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎనిమిది రోజులు ఆయన కూర్చునే నాలుగో కుర్చీ ఖాళీగానే ఉంది. దెల్ఫీనాకి వాదించడానికి మనిషి లేక నాతో పెట్టుకోబోయింది. సినిమా హాల్లో దీపాలు ఆర్పగానే నిద్రపోయేదాన్ని నేను, నాతో ఏం వాదిస్తుంది? పాపం, సరిగ్గా పది నిమిషాలకే పోస్టాఫీసుకి వెళ్ళిపోయేది. అక్కడి అధికారి కంగారుపడి ఒంట్లో బాగాలేదా అని అడిగాడట. తొమ్మిదో రోజు తోరీబియో, “నా టికెట్టు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా. వాడు లేకుండా నేను రాను” అన్నాడు. ఎంతో మామూలుగా అన్నాడు, కానీ గ్లాసులో నీళ్ళయిపోయినా గొట్టం పీలుస్తూనే ఉన్నాడు.

థాంక్స్ అన్నవాణ్ణి పిలవకూడదు, నిజమే. కానీ లివరు బాగోలేని మనిషికి మూలిక పట్టుకెళ్ళి ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. సిరియాకో లివరుకి రోగం నేనే నిర్ణయించి, కట్ట పట్టుకుని ఆయన పని గదికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన బల్ల మీదున్న దేన్నో టోపీతో కప్పేశాడు. నేను టోపీ ఎత్తేశాను.

వెండి తీగతో అల్లిన నౌక. అరచేతిలో పట్టేంత. కిటికీలు, మెట్లు, మెట్ల పైన గొట్టం. మెట్లు లెక్కపెట్టాను, పదిహేడో మెట్టు మీద చుక్కంత వెండి బొట్టు ఉంది. తలుపు వేలితో నెట్టాను. ఎడమవైపుకి తెరుచుకుంది.

“ఇది నాలుగోదాంట్లో నౌక కదా?” అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఏం సినిమా అది న్యా పెత్రోనా! అలాంటిది నా జన్మలో చూడలేదు. పాతవి మూడూ దాని ముందు బలాదూర్. ఏడుస్తూ బయటికొచ్చాను. తిన్నగా తోరీ ఇంటికెళ్ళాను. ‘ఎలా ఉందిరా?’ అన్నాడు వాడు. ఆ మొహం... వాడి మొహం చూస్తే ‘బాగుంది’ అనే మాట గొంతు దాటలేదు. ‘చెత్తరా, నువ్వేం పోగొట్టుకోలేదు’ అనేశాను. ఒకసారి అన్నాక మరి ఏడేళ్ళూ అనొద్దూ? ఇప్పుడు ఆ పిల్ల అంతా చెప్పేస్తుంది. నేను అబద్ధాలకోరునని తెలిస్తే తెలియనివ్వండి. వాడేం పోగొట్టుకున్నాడో వాడికి తెలిసిపోతుంది కదా!”

తోరీబియోకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నా నోటి సంగతి లూకే అంతటికీ తెలుసు, ఆయనకి తెలియకపోవడం ఆయన తప్పు. వీధి మలుపు తిరిగేలోపే తోరీబియో హార్పుల కొట్టు ఉంది. తలుపు దగ్గర నిలబడే మొత్తం చెప్పేశాను.

తోరీబియో నవ్వాడు. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాడు. “పదండి, నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్ళండి. గ్లాసు, ఐసునీళ్ళు కూడా తెండి” అన్నాడు.

తీసుకెళ్ళాను. సిరియాకో నన్ను మింగేసేలా చూశాడు. తోరీబియో తడుముకుంటూ కూర్చుని, “ఒరే కొంపాద్రే, నచ్చని సినిమాలో మెట్లు ఎవడైనా లెక్కపెడతాడట్రా?” అన్నాడు.

సిరియాకో నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు.

“నాకు మొదటి వారమే తెలిసిపోయింది. బాగుందని చెప్పేవాళ్ళు నాకేం చెప్తారు? ఆ దెల్ఫీనానే చూడు, ‘అబ్బ ఎంత బాగుందో, ఏడుపొచ్చింది’ అంటుంది. నేనేం చేసుకోను ఆ ఏడుపుని? నువ్వు తిడితే మాత్రం కోటు ఏ రంగో తెలుస్తుంది, గొట్టం ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. ఏడేళ్ళుగా నీ తిట్లు విని విని రెండు సినిమాలూ మొత్తం చూసేశానురా నేను. నువ్వెక్కడ మానేస్తావో అని నోరు మూసుకుని కూర్చున్నాను.”

సిరియాకో వెండి నౌకని తీసి తోరీబియో అరచేతిలో పెట్టాడు. ఆయన వేళ్ళు మెట్లెక్కాయి, తలుపు దాకా వెళ్ళాయి, నెట్టాయి. “ఎడమవైపే” అన్నాడు తోరీబియో. “దరిద్రులు.”

నేను గ్లాసు నింపి సిరియాకోకిచ్చాను. తాగి తిరిగిచ్చాడు. ఏమీ అనలేదు. మళ్ళీ నింపాను.

శనివారం మూడింటి ఆటకి నలుగురం వెళ్ళాం. సంచిలో దాచి తెచ్చిన చిపా రొట్టెలు తింటూ నేను నిద్రకి సిద్ధపడ్డాను కానీ, ఆ రోజు కునుకు పట్టలేదు. దీపాలు ఆరగానే సిరియాకో మొదలుపెట్టాడు. “ఆ ఇసక చూడరా, పసుపు ముద్దలా ఉంది. ఎవడు ఎంచాడో ఆ రంగు! ఎర్రకోటు పిల్లకి అప్పుడే తల నెరిసింది, మన దెల్ఫీనాలా మొండిగా నడుస్తోంది, కుడికాలు కుంటుతోంది, కర్ర కూడా తెచ్చుకోలేదు బుద్ధిలేనిది...”

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి గయ్యిమన్నాడు. తోరీబియో ముందుకి వంగి, “క్షమించండి, వాడు తిట్టకపోతే నాకు కనబడదండీ” అన్నాడు. ఆయన తోరీబియో కళ్ళ వంక చూసి, అటు తిరిగిపోయాడు. కాసేపటికి ఆ వరసలో వాళ్ళందరూ కాస్త వెనక్కి జారగిలబడి కూర్చోవడం గమనించాను. సిరియాకో తిట్లు వాళ్ళకీ నచ్చినట్టున్నాయి.

ఆఖరికి ఎర్రకోటు పిల్ల నౌక దగ్గరికి వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసింది. సిరియాకో తిట్లు ఆగిపోయాయి.

“ఏమైందిరా?” అన్నాడు తోరీబియో.

సిరియాకో కుర్చీలో ముందుకి జరిగాడు.

“ఒరే సిరియాకో, తలుపు తెరిచిందా?”

“తెరిచిందిరా” అన్నాడు సిరియాకో. “కుడివైపుకి.”

అంతే, ఇక ఏమీ అనలేకపోయాడు. దెల్ఫీనా ఆయన చేతిలో చేతిరుమాలు పెట్టింది. నేను ఆయన మొహం చూడలేక చిపా వంక చూస్తూ కూర్చున్నాను.

తోరీబియో కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. “అలా ఊరుకుంటే ఎలారా? తిట్టు! నాకేం కనబడటం లేదు.”

సిరియాకో గట్టిగా ముక్కు చీదాడు. “కుడివైపుకి తెరిస్తే సరిపోయిందా? బందులకి నూనె చుక్క వెయ్యలేదు వెధవలు, కిర్రుమంటోంది వినబడుతోందా? లోపలికి పోకుండా గుమ్మంలో నిలబడి వెనక్కి చూస్తోంది. ఆకాశంలో ఏడు చంద్రులూ వచ్చేశాయిరా, ఒకదాని వెనక ఒకటి. ఇంత వెలుగు ఎవడు పెట్టమన్నాడు వీళ్ళని?”