మార్త స్కూటర్, అప్పన్న తాడు

సునామీ వచ్చిపోయి పదేళ్లయిన ఏడు. పోర్ట్ బ్లెయిర్‌లో ప్లీడరుగా అప్పటికే నాకు కాస్త పేరుంది. లంబాలైన్‌లో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి విమానం దిగినప్పుడల్లా క్లయింటు మాట సగంలో ఆపించి, అది పోయాక మళ్లీ మొదలెట్టించేదాన్ని. భూమి తగాదాలు చూశాను, సర్వీసు కేసులు చూశాను. నన్ను బాగా భయపెట్టిన కేసేదీ అంటే మాత్రం ఒక పార్కింగ్ జరిమానా గురించి చెబుతాను. నవ్వుతారు. నవ్వండి, నాకేం.

మార్త మా తెలుగు సంఘంలోని పిల్లే. చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపర్, అంటే ఇనప కడ్డీలూ తోలు పట్టీలూ కలిపి కాలిని నిలబెట్టే సాధనం. చేతిలో ఊతకర్ర. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించిన స్కూటర్ మీద డిగ్నాబాద్ నుంచి జెట్టీకొచ్చి, పడవెక్కి, అవతలి ఒడ్డున బడికి వెళ్లేది. టెంపరరీ టీచరు. ఆలస్యంగా వస్తే రేపట్నుంచి రావద్దనేసే ఉద్యోగం.

జెట్టీ బయట ఖాళీ స్థలాన్ని ప్రకాశం అనే ఆయన పార్కింగ్‌కి కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనా మా సంఘమే. కింద మూలన, కంకర జారే వాలులో, ఇంకెవరూ బండి పెట్టని చోట చక్రాల కుర్చీ బొమ్మ వేయించి 'వికలాంగులకు' అని రాయించాడు. ఎంత దయ! మార్త అక్కడ పెట్టలేక ఎప్పట్లాగే గేటు పక్కన పెట్టింది. ఓ సాయంత్రం పడవ దిగి వచ్చేసరికి చక్రానికి గొలుసు. కేటాయించిన చోటు వదిలి గేటుకి అడ్డంగా పెట్టినందుకు జరిమానా అని చీటీ. వానలో, ఖాళీ అయిపోతున్న జెట్టీ మీద కర్ర జారిపోతుంటే, జరిమానా కడితేనే బండి వదిలారు. మర్నాడు నా దగ్గరికొచ్చింది.

"రోజూ ఇలాగే చేస్తే ఎలా అక్కా? నాకు గేటే కావాలి."

ఆ గేటే ఎందుకో బయటివాళ్లకి తెలీదు. పడవ తాళ్లు కట్టే, విప్పే మనిషిని లస్కర్ అంటారు. ఆ పడవ లస్కర్ అప్పన్న. పార్కింగ్ తెరిచేదే మొదటి పడవకి కాస్త ముందు. హారన్ మోగాక మార్త నడకకి పడవ అందదు. కింద మూలన బండి పెడితే పడవ మీంచి కనపడదు, కానీ గేటు పక్కన ఆ స్కూటర్ ఆగిందంటే అప్పన్నకి కనపడుతుంది. అంతే, తాడు ముడి చిక్కుపడిపోయినట్టు వంగి తంటాలు పడతాడు. పిల్ల కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి ఎక్కాక ముడి దానంతటదే ఊడొచ్చేస్తుంది! ముసలివాళ్లకీ, నిండు చూలాళ్లకీ ఇదే మర్యాద. అవతలి ఒడ్డు నుంచి డయాలిసిస్‌కి వచ్చి, ఊగిసలాడుతూ తిరుగు పడవకి నడిచే సారమ్మగారికీ ఇదే. ఆవిడ ప్రకాశం తల్లి.

ఇదంతా రూలుకి విరుద్ధం. పడవ టైముకి కదలాలి. అప్పన్నది రోజుకూలీ లెక్కన సర్కారీ పని, ఒక్క కంప్లైంటు చాలు ఊడిపోవడానికి. ఆయన్ని సాక్షిగా పిలుద్దామంటే మార్త హడలిపోయింది.

"వద్దక్కా! ఆయన పేరు ఎత్తొద్దు. కడుపు కొట్టినదాన్నవుతాను."

సరేనని వాలు గురించీ కంకర గురించీ మాత్రమే రాసి లీగల్ నోటీసు పంపాను. కేసు వేసేముందు ఎదుటివాడికి చెప్పే హెచ్చరిక అది. జవాబు ప్రకాశం నుంచి రాలేదు, ఆయన గేటు మనిషి దగ్గర్నుంచి మార్తకే వచ్చింది. "దీదీ, యే ఐలాండ్ హై, చుట్టూ నీళ్లే. కేసేసి ఎక్కడికి పోతావ్? రోజూ ఈ గేటులోంచే గదా పోవాలి!"

కన్స్యూమర్ ఫోరంలో కేసు వేసిన వారంలోపే మార్త మా ఇంటికి ఆటోలో వచ్చింది. డిగ్నాబాద్ దిగుడులో స్కూటర్ ఒక పక్కకి ఒరిగిపోయిందట. పక్క చక్రం నట్టు వదులైపోయి ఉంది. గోడకి రాసుకుని ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎదురుగా లారీ.

"ఎవరైనా విప్పారంటావా?" అన్నాను.

"తెలీదక్కా. పొద్దంతా బండి వాళ్ల దగ్గరే ఉంటాది గదా."

మెకానిక్కేమో గతుకుల రోడ్డుకి నట్లు వదులవుతాయి, మామూలే అన్నాడు. నాకు మాత్రం నమ్మకం కలగలేదు. పిల్లని రొంపిలోకి దింపింది నేనే గదా! వాళ్లమ్మకి ఏం జవాబు చెప్పను? ఆ రోజు నుంచి నా స్కూటర్ తీసేముందు కూడా వంగి చక్రాలు చూసుకునేదాన్ని. ఆఖరికి నేనే అన్నాను, "కేసు వెనక్కి తీసేసుకుందామా మార్తా?"

"తీసేస్తే బండి కింద పెట్టాలి. కింద పెడితే పడవ పోద్ది. పడవ పోతే నౌకరీ పోద్ది. అప్పుడింక భయపడ్డానికి కూడా ఏం మిగల్దు అక్కా." ఏడుస్తూనే అంది ఆ మాట.

విచారణ రోజు ప్రకాశం తరఫున మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన ప్లీడరు నిలబడ్డాడు. తెలివైనవాడే. మార్తని ఎదురు ప్రశ్నలు అడగనిమ్మన్నాడు. ఫోరంలో చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది, కానీ అధ్యక్షుడు ఒప్పుకున్నారు. మార్త ప్రమాణం చేసింది.

"గేటు నుంచి కూడా మీరు అంత తొందరగా నడవలేరు. అవునా?"

"అవునండి."

"బడికి ఒక్కరోజూ ఆలస్యం కాలేదని ఫిర్యాదులో మీరే రాశారు. మరి పడవ ఎలా అందుతోంది? నడవగలరా, లేక మీకోసం ఎవరైనా పడవ ఆపుతున్నారా?"

నడవగలనంటే కేసు పోయింది. ఆపుతున్నారంటే అప్పన్న పోయాడు. ప్రమాణం చేసి అబద్ధమాడే పిల్ల కాదది, నాకు తెలుసు. అభ్యంతరం చెబుదామని లేచాను. ఏం చెప్పను? ప్రశ్న న్యాయమైనదే! మళ్లీ కూర్చున్నాను.

"చెప్పండమ్మా," అన్నారు అధ్యక్షుడు.

మార్త కర్ర బిగించి పట్టుకుంది. పెదవి విప్పబోయింది.

"వద్దు!"

అరిచింది ప్రకాశం. వెనక బెంచీ మీంచి లేచొచ్చి తన ప్లీడరు కోటు పట్టుకు లాగుతున్నాడు. "ఆ ప్రశ్న వద్దు సార్, వదిలేయండి."

"ఏమిటండీ! మన కేసంతా ఇదే కదా!"

"వద్దంటున్నా గదా! అది కాగితమ్మీదకి ఎక్కకూడదు."

ఆయన మొహం చూశాను. చెమటలు కారిపోతున్నాయి. ఇన్నాళ్లూ మేం పడ్డ భయం అచ్చంగా ఆ మొహంలో ఉంది. ఆ జవాబు రికార్డయితే ఇక ఎవరి కోసమూ పడవ ఆపొద్దని ఆర్డరొస్తుంది. డయాలిసిస్ చేయించుకుని గోడ పట్టుకుంటూ వచ్చే సారమ్మగారు జెట్టీ మీదే మిగిలిపోతుంది. పాపం ప్లీడరుకి ఇదేమీ తెలీదు. ప్రశ్న వెనక్కి తీసుకున్నాడు.

అక్కణ్నుంచి వాళ్లకి వాదించడానికేం మిగల్లేదు. జరిమానా రద్దు చేసి, చక్రాల కుర్చీ బొమ్మ గేటు పక్కకి మారుస్తానని ప్రకాశం రాసిచ్చాడు. బయటికొచ్చాక అడిగాను. "ఆ నట్టు సంగతేంటి ప్రకాశం?"

"అమ్మ తోడు, నాకు తెలీదు విమలక్కా." సగం నమ్మాను. మిగతా సగం ఇప్పటికీ నమ్మలేదు. మార్త ఈరోజుకీ బండి తీసేముందు రెండు నట్లూ చేత్తో తడిమి చూసుకుంటుంది.

ఆ కేసు తర్వాత, ఎవర్నైనా ప్రశ్న అడిగేముందు ఆ జవాబు ఎవరి నెత్తిన పడుతుందో వాకబు చేస్తాను. చుట్టూ సముద్రమున్న ఊళ్లో మనం కేసేసినవాడూ, వాడి తల్లీ మనమెక్కే పడవే ఎక్కాలి.

తర్వాత కొన్నేళ్లకి అప్పన్న పని మానేశాడు. డిగ్లీపూర్ నుంచి ఎవరో కొత్త లస్కర్ వచ్చాడన్నారు. మనసాగక, ఆయన పనిలో చేరిన పొద్దున నేనూ జెట్టీకెళ్లి పడవలో కూర్చున్నాను. హారన్ మోగింది. గేటు పక్కన, బొమ్మ మీద, మార్త స్కూటర్ అప్పుడే ఆగింది. కొత్తాయన తాడు మీద చెయ్యేశాడు. ఆయన తలెత్తి గేటు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా వంగి, "అరే, ఈ ముడేంటి ఇలా పడిపోయింది!" అంటూ తంటాలు పడసాగాడు.