సాక్ష్యం చెప్పేశాక

మా చెల్లెలు మైకు అందుకుంటున్నప్పుడు నేను వెనకాల చాప మీద, ఫ్యాను గాలి తగలని చోట కూర్చుని ఉన్నాను. నందిగామలో అది వాళ్ళ సంఘం శుక్రవారం ఉపవాస ప్రార్థన. రేకుల షెడ్డు, తెల్లచీరల ఆడవాళ్ళు, ముందు ఒక బల్ల, దాని మీద ప్రార్థన నూనె సీసా. జగ్గయ్యపేట నుంచి నన్ను పిలిపించింది తనే. "నువ్వు తప్పకుండా రావాలక్కా, మంచి కబురుంది" అంది ఫోనులో. నేనేమో నెల తప్పిందేమో అనుకున్నాను. ఇన్నాళ్ళకు దేవుడు కరుణించాడని సంబరపడి, బస్టాండు దగ్గర సున్నుండలు కూడా కొన్నాను.

"ప్రభువు నన్ను ముట్టాడు. నాకిప్పుడు మూర్ఛ లేదు. మాత్రలు ఆపేశాను" అని మైకులో చెప్పింది చెల్లెలు.

షెడ్డంతా స్తోత్రం అంది. నా పక్కనావిడ నా భుజం తట్టి, "మీ చెల్లెలా అండి? ధన్యురాలండి" అంది. సున్నుండల పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేనూ చప్పట్లు కొట్టాను. అందరూ కొడుతుంటే ఒక్కదాన్నే చేతులు కట్టుకుని కూర్చునే ధైర్యం నాకెక్కడిది?

దానికి మొదటిసారి మూర్ఛ వచ్చింది పదో తరగతిలో, బడిలో వరసలో నిలబడి ఉండగా. విజయవాడ డాక్టరు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటున్నంత కాలం, ఏళ్ళ తరబడి, మళ్ళీ రాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మందు బాగా పనిచేస్తే అసలు జబ్బే లేనట్టు ఉంటుంది. "నిన్ను పట్టింది నిన్ను వదిలేసింది, ప్రభువు నాకు చూపించాడు" అని ప్రార్థన నడిపే అమ్మగారు చెప్పేసరికి, నిజమే కదా, రావడం లేదు కదా అనుకుంది. ఆపేసింది. ఆపాక కూడా కొన్నాళ్ళు రాలేదు. ఇంకేం, సాక్ష్యం.

మా వాళ్ళలో సాక్ష్యం చెప్పడమంటే చిన్న సంగతి కాదు. దేవుడు నాకీ మేలు చేశాడని సంఘం ముందు నిలబడి ఒప్పుకోవడం అది. ఒకసారి చెప్పాక ఆ మాట మనది కాదు, దేవుడిది అయిపోతుంది. పైగా ఆ షెడ్డులో ఇంకో అలవాటుంది. స్వస్థత పూర్తిగా కనబడేదాకా ఆగకూడదు, ముందే చెప్పెయ్యాలి, అదే విశ్వాసం అంటారు. రేషను రాకముందే వేలిముద్ర వేసినట్టు నాకనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

ఒక మధ్యాహ్నం చెల్లెలి పక్కింటి బీబీగారు ఫోను చేసింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది ఆవిడ. "టీచరమ్మా, మీ చెల్లెలు పొయ్యి దగ్గర పడిపోయింది. నురగలొచ్చినయ్. తాళాల గుత్తి చేతిలో పెట్టి పక్కకు ఒత్తిగిలబెట్టా. ఇప్పుడు బాగానే ఉంది, మీకు చెప్పొద్దంటోంది" అంది. బడిలో పర్మిషను అడిగి, దొరికిన బస్సెక్కి వెళ్ళాను.

ముంజేతి మీద పెనం వాత. దాని మీద ప్రార్థన నూనె రాసి ఉంది. "ఏం లేదక్కా, ఎండకి కళ్ళు తిరిగాయి" అంది. టీ ఇస్తే వేడి నాలుకకు తగలగానే మొహం చిట్లించింది. నోరు తెరవమన్నాను, తెరవలేదు. గడ్డం పట్టుకుని తెరిపించాను. నాలుక అంచున కొరుక్కున్న గాటు ఉంది. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే మనిషిని, ఆ గాటు ఎందుకవుతుందో నాకు తెలియదా?

"మాత్రలు వేసుకోవే, నీకు దణ్ణం పెడతా" అన్నాను.

"సాక్ష్యం చెప్పేసా కదక్కా. ఇప్పుడు వేసుకుంటే ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ?"

"పడిపోయావు కదే!"

"అది శోధన. అమ్మగారు ముందే చెప్పారు, సాక్ష్యం చెప్పాక సాతాను ఊరుకోడని."

మూర్ఛ రాకపోతే స్వస్థత, వస్తే శోధన. ఎటు తిరిగినా అమ్మగారి మాటే నిజమవుతుంది. వాళ్ళాయన లారీ మీద హైదరాబాదు దారిలో ఉన్నాడు. ఫోను చేస్తే, "నేను చెప్తే వినట్లేదు వదినా, మీరే ఏదోటి చెయ్యండి" అన్నాడు. మాత్రలు పొడి చేసి పప్పులో కలుపుదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. రోజూ వెళ్ళి పప్పు వండేదెవరు?

కోపం పట్టలేక అమ్మగారింటికి వెళ్ళాను. దొంగని పట్టుకోవడానికి వెళ్ళినట్టే వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని, ఎవరో ముసలామెకు అన్నం కలిపి తినిపిస్తోంది. ఉపవాసాలతో చిక్కిన మనిషి. కానుకలు పుచ్చుకోదు, కారు లేదు, మెళ్ళో నల్లపూసలు తప్ప ఏమీ లేవు. నేను అనాలనుకున్న మాటల్లో సగం అక్కడే పనికిరాకుండా పోయాయి.

"అమ్మగారూ, అది చచ్చిపోతుందండి" అన్నాను.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ ఏడుపు కన్నీళ్ళు కావు. "మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ మోసపరిచే ఆత్మ బయటినుంచి రాదు. ప్రేమించేవాళ్ళ భయంలో నుంచే వస్తుంది. మీలో ఆ భయం ఉంది. రండి, ప్రార్థన చేస్తా" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

మోసపరిచే ఆత్మ నాలో ఉందట! లేచి వచ్చేయాల్సింది. రాలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆవిడ నా చెల్లెలి పేరు చెప్పి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఆ కాసేపు నా మనసు నెమ్మదించింది కూడా. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే అసలు భయం అప్పుడు పట్టుకుంది. మనసు నెమ్మదించడమే దేవుడి గుర్తని చిన్నప్పటినుంచి విన్నాను. ఇక్కడ కూడా నెమ్మదే దొరికితే నేను దేన్ని నమ్మాలి?

మా జగ్గయ్యపేట పాస్టరుగారిని అడిగాను. మంచివాడు, ఎవరితోనూ తగువు పెట్టుకోడు. "ఆత్మలను పరీక్షించాలమ్మా. ఫలాలు చూడాలి" అన్నారు.

"ఫలం పండేదాకా మనిషి ఉండొద్దా అండి?"

"నేను ఆ సంఘం మీద మాట్లాడితే, అసూయతో అన్నానంటారమ్మా" అన్నారు. అదీ నిజమే. అందరూ నిజాలే చెబుతున్నారు, చెల్లెలు మాత్రం పడిపోతోంది.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నేనూ అడిగాను. ప్రభువా, నాకొక మాట చెప్పు, అది నీదని నాకు తెలిసేలా చెప్పు అన్నాను. వీధిలో ఉల్లిపాయల బండివాడి రికార్డింగు వినిపించింది. "మాత్రలు వేయించు" అని లోపల ఏదో అంటూనే ఉంది. అది ఆయన గొంతా, నా భయమా? నా గొంతులాగే ఉంది. అమ్మగారికి మాత్రం ఏ గొంతు వినబడుతుంది? ఆవిడది ఆవిడకు వినబడుతుందేమో. కోపమొచ్చి ఆమెన్ అనకుండానే లేచిపోయాను.

తర్వాతి ఆదివారం చెల్లెలు మా ఇంటికొచ్చింది. ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. దాని చెంప మీద కొత్త గీత ఒకటి కనబడింది. అడగలేదు. అడిగితే తలుపు తగిలింది అంటుంది. అప్పుడు చేశాను ఆ పని. అమ్మగారు మాట్లాడినట్టే గొంతు తగ్గించి, "నిన్న ప్రార్థనలో ప్రభువు నాతో మాట్లాడాడే" అన్నాను.

దాని చేతులు ఆగిపోయాయి. "ఏం చెప్పాడక్కా?"

"నీ మాత్రలు ఆయనే ఇచ్చాడట. వేసుకోమన్నాడు. సాక్ష్యం సంగతి ఆయన చూసుకుంటాడట."

ఎంత ఆశగా చూసిందో! ఒక్క క్షణం, వేసుకోవడానికి అనుమతి దొరికిందన్నట్టు దాని మొహం విప్పారింది. దానికీ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది నాకు.

"నిజంగా చెప్పాడా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

బడిలో నేను పిల్లలకు చెప్పే మాట అది. నేను చిక్కుడుకాయల పళ్ళెంలోకి చూశాను.

మొదట నవ్వింది. తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నాకోసం దేవుడి పేరు మీద అబద్ధం చెప్తున్నావా అక్కా? నీకోసం ప్రార్థన చేస్తాలే" అంది. నేను కొనిపెట్టిన మాత్రల పొట్లం దాని సంచిలో వేయబోతే, నా చేతిలోనే పెట్టి నా వేళ్ళు మూసింది.

నా మోసాన్ని రెప్పపాటులో పట్టుకుంది. అబద్ధం ఆడుతున్న మనిషి మొహం దానికి బాగానే తెలుసు. అమ్మగారు అబద్ధం ఆడటం లేదు. తను విన్నది తను నమ్మి, ఏడ్చి, ఉపవాసముండి చెబుతోంది. ఆవిడ మొహంలో ఏం పట్టుకుంటుంది అది? నేనే పట్టుకోలేకపోయాను.

ఇప్పుడు రోజూ బడి వదలగానే ఫోను చేస్తాను. మాత్రల ఊసెత్తను. ఎత్తితే ఫోను కూడా తీయడం మానేస్తుందని భయం. తీయగానే "వందనాలక్కా" అంటుంది. నేను వెంటనే బదులు చెప్పను. నాలుక ఎక్కడైనా తడబడిందా అని ఆ ఒక్క మాటా వింటాను. తడబడకపోతే "వందనాలే" అని పెట్టేస్తాను. మొన్న మాత్రం ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. "ఏం తింటున్నావే?" అన్నాను.

"సున్నుండ" అంది.

"ఇవాళ శుక్రవారం, ఉపవాసం కదా" అని నేను అడగలేదు.