ఖాసిం అన్న నన్ను నడిచి చూపించమనలేదు

నిన్న పొద్దున ధర్మవరం నుంచి వదిన ఫోన్. "ఖాసిం లేడు" అని పెట్టేసింది.

ఏ ఖాసిం అని అడగబోయాను. మైండ్ అంత మొద్దుబారిపోయింది.

మా పెద్దనాయన కొడుకు. పట్టుచీరలకు జాకెట్లు కుట్టి బతికిన టైలర్. మింగిన అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మా వంశంలో ఒక జబ్బు ఉంది. అటాక్సియా అంటారు. చిన్నమెదడు మెల్లమెల్లగా చెడిపోతుంది. నడక, మాట, మింగడం ఒక్కొక్కటే అదుపు తప్పుతాయి. పెద్దనాయనకు వచ్చింది, మా నాయనకు వచ్చింది, 1990ల్లో అన్నకు వచ్చింది.

నాకూ వచ్చింది.

ఈ జబ్బున్న ఇంటికి చుట్టాలొస్తే ఒక పద్ధతి ఉంటుంది. టీ తాగేసి, నాతో "యాదీ, ఒకసారి నడిచి చూపించు" అంటారు. గోడ పట్టుకోకుండా గడప దాకా నడవాలి. తర్వాత జడ్జిమెంట్. పోయిన పండగ కంటే మేలని ఒకరు, కాదు ఇంకా తూలుతోందని ఇంకొకరు. బెంగళూరు డాక్టరూ అంతే. వరండాలో నడిపించి చీటీ రాసేవాడు.

నాకు ఒళ్లు మండిపోయేది.

నేను మొదటిసారి కిందపడ్డ ఏడాది అన్న హిందూపురం వచ్చాడు, నన్ను చూడటానికి. ఆటోలోంచి ఆయన్నే ఇద్దరు పట్టి దించారు. ఇంట్లో అందరూ నడువు నడువు అంటుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికే మాట ముద్దగా వచ్చేది. మెల్లగా అడిగాడు.

"నిద్ర పడతాండాదామ్మా? దేనిమీదన్నా మనసు పోతాండాదా?"

అంతమందిలో బావురుమన్నాను.

అప్పటికి నెలల తరబడి నాకు నిద్ర లేదు. లేస్తూనే మూటలు మోసినంత అలసట. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. బాత్రూంకి పోయేలోపే జరిగిపోయే అవస్థ ఎవరికి చెప్పుకోను? ఇంట్లో వీటన్నిటికీ పెట్టిన పేరు సోమరితనం.

అన్న ఒక్కొక్కటే అడిగాడు. అన్నీ తనకూ ఉన్నాయన్నాడు. ఇదంతా జబ్బులో భాగమే, ఎవరేమన్నా పట్టించుకోవద్దన్నాడు.

ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఫోన్లో ఇవే మాటలు. నడక గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పోయిన ఏడు అన్నను కార్లో పెనుకొండ ఉరుసుకు తీసుకుపోయారు. నేనూ పోయాను. ఖవ్వాలీ అంటే ఆయనకు ప్రాణం. చిన్నప్పుడు పాడేవాళ్ల ముందు నుంచి లేపుకురావడం ఇంట్లోవాళ్ల వల్ల అయ్యేది కాదు. ఈసారి ముందు వరసలో కుర్చీ వేశారు. అన్న మొహంలో ఏమీ లేదు. ఇంత దూరం తీసుకొస్తే మొహం మాడ్చుకుని కూర్చున్నాడని మా అత్త గొణిగింది.

అన్న నా చెవి దగ్గర అన్నాడు.

"కాళ్లు పోయినందుకు ఏడ్చింది ఎప్పుడో అయిపోయిందమ్మా. పాట ఇనబడతానే ఉండాది. లోపలికి మాత్రం రావడంల్యా."

చెయ్యి పట్టుకున్నా.

కాళ్లకు కర్ర ఇచ్చారు. వాకర్ ఇచ్చారు. బాత్రూం దాకా గోడకు తాడు కట్టారు. మనసు చచ్చిపోతుంటే ఏమిచ్చారు? తాయెత్తు. ఇంకేదైనా మందు ఉందో లేదో తెలియదు, ఉన్నా మా దాకా రాలేదు.

నిన్న ధర్మవరం పోయాను. వదిన గుండెలు బాదుకుంటోంది. పిల్లలు, వీధిలోవాళ్లు, జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లు, అందరూ ఏడుస్తున్నారు. నేను అన్న మొహం చూస్తూ కూర్చున్నా.

ఒక్క చుక్క రాలేదు.

నా ప్రాణంలాంటి అన్న.

గట్టిగా గిచ్చుకున్నా. రాలేదు.

ఎంత రాతిగుండె అని వెనక ఎవరో అన్నారు.

నాకేమవుతోందో చెప్పకుండానే తెలిసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. మధ్యాహ్నం ఆయన్ను మోసుకుపోయారు.

పోయిరా అన్నా. అల్లా నీకు నెమ్మది ఇవ్వాలి. నాకు ఇవ్వకపోయినా సరే, నీకివ్వాలి.