ఇంటర్వ్యూ ముందు పెట్టుకుని ఉగాది ఒట్టు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నాలుగు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సు చేసినవాడికి రెండేళ్ళ అనుభవం ఇట్టే వచ్చేసేది. ఎక్కడా ఒక్క రోజు పనిచెయ్యకుండా, బెంగుళూరులో ఫలానా కంపెనీలో చేశామని రెజ్యూమెలో రాసుకోవడాన్ని మేం 'పెట్టుకోవడం' అనేవాళ్ళం. "ఎన్నేళ్ళు పెట్టావు?" అని టిఫిన్ దగ్గర ఎవరైనా అడిగితే, దోసె తుంచుకుంటూ "రెండు" అనేవాళ్ళం. దాన్ని అబద్ధం అనాలని ఎవరికీ తోచేది కాదు. తోచింది ఒక్కడికి. ఆ ఒక్కణ్ణి నేనే, అదీ తోచకూడని రోజున.

మైత్రీవనం వెనక సందులో హాస్టల్, ఒకే గదిలో నలుగురం. మా నాన్నకి ఒంగోలు దగ్గర ఎరువుల కొట్టు. ఉగాది వెళ్ళిన వారంలోగా ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకుని వచ్చి కొట్లో కూర్చోవాలని ఆయన గడువు పెట్టారు. సరిగ్గా ఆ గడువులోనే, పండగ వెళ్ళిన రెండో రోజున, పంజాగుట్టలో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. (పిలిచింది నన్ను కాదు లెండి, నా రెండేళ్ళని.) గదిలో అందరికంటే పెద్దవాడైన సిద్దిపేట అన్న నెల రోజులుగా నన్ను తోముతున్నాడు. నేను చూడని ఆఫీసు ఏ రోడ్డులో ఉంది, లేని మేనేజరు పేరేంటి, క్యాంటీను ఎన్నో అంతస్తులో ఉంది, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి.

ఉగాది పొద్దున అన్నే పచ్చడి కలిపి, మనిషికో గ్లాసులో పోసి, తాగేముందు ఈ ఏడాదికి ఏం అనుకుంటున్నారో పైకి చెప్పాలన్నాడు. ఒకడు సిగరెట్ మానేస్తానన్నాడు. ఇంకొకడు రోజూ ఇంగ్లీషు పేపరు చదువుతానన్నాడు. నా వంతు వచ్చేసరికి, వేపపువ్వు వాసన వల్లో తలంటుకున్న మహిమ వల్లో తెలీదుగానీ, ఉత్సాహం తన్నుకొచ్చింది. "ఈ సంవత్సరం అబద్ధం చెప్పను, ఒట్టు" అనేశాను. (ఇరవై మూడేళ్ళ వయసులో బుర్రకీ నోటికీ మధ్య తలుపు ఉండదు.) గదిలో ఎవరూ గ్లాసు ఎత్తలేదు. అన్న చాలా మెల్లగా, "గా ముచ్చట ఎల్లుండి అయినంక యాదికొస్తే ఏం పోయేది తమ్మీ?" అన్నాడు.

ఇక నాకు అన్నం సహించలేదు. ఉగాది నాడు ఏం చేస్తే ఏడాదంతా అదే చేస్తామని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఒట్టు తప్పితే ఏడాదంతా తప్పులే, నిలబెట్టుకుంటే ఎరువుల కొట్టు. అసలు నాకీ ఉద్యోగం కావాలా అని అప్పుడే మొదటిసారి నన్ను నేను అడిగాను. మా ఊరివాళ్ళంతా వస్తే నేనూ వచ్చాను, అందరూ చేరిన కోర్సులో నేనూ చేరాను. ఎంత ఆలోచించినా జవాబు తేలలేదు. అన్న మాత్రం ఇంటర్వ్యూల చెప్పేది అబద్ధం కిందికి రాదని, అది సుత సిలబసే అని నచ్చజెప్పాడు. ఆ మాటే పట్టుకుని ఇంటర్వ్యూ రోజు పొద్దున షేర్ ఆటో ఎక్కాను.

మూడో అంతస్తులో గంటసేపు కూర్చోబెట్టారు. అరచేతుల చెమటకి ఫైలు అట్ట మెత్తబడిపోయింది. లోపల ఒక మేడం, నలభై దాటి ఉంటాయి. రోడ్డు పేరు అడగలేదు, మేనేజరు ఊసెత్తలేదు. రెజ్యూమె పక్కన పెట్టి, "ఈ రెండేళ్ళలో మీరు చేసిన పెద్ద తప్పేంటి? దాన్ని ఎలా సరిదిద్దుకున్నారు?" అని తెలుగులోనే అడిగారు. అది అన్న చెప్పిన సిలబస్‌లో లేదు. పని చేసినవాడికి తప్పులు బోలెడుంటాయి, నాకు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆవిడ నా మొహం వంకే చూస్తున్నారు. నాన్న, కొట్టు, ఒట్టు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఆ రెండేళ్ళూ లేవు మేడం" అన్నాను.

గెంటేస్తారనుకున్నాను. ఆవిడ నా రెజ్యూమె తిరగేసి, వెనకవైపు ఒక సమస్య రాసి, దీనికి ప్రోగ్రాం రాయమన్నారు. అరగంట రాశాను. ఆ అరగంటా నాకు ఇంకేదీ గుర్తు రాలేదు, ఒకచోట నా తప్పు నాకే దొరికితే నవ్వుకున్నాను కూడా. తలెత్తేసరికి ఆవిడ టీ అయిపోయింది. ఈ ఉద్యోగానికి తీసుకోలేనని, కొత్తవాళ్ళకి దసరా అయ్యాక పరీక్ష ఉంటుందని, ఎవరైనా రాయొచ్చని చెప్పి పంపేశారు. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఆ పని నాకు నిజంగానే కావాలని, తీరా చెయ్యి జారాక తెలిసింది మరి.

సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో అన్న నా పక్కనే నిలబడ్డాడు. ఏమైందని నాన్న అడిగారు. "నా పని వాళ్ళకి తెగ నచ్చింది నాన్నా. నా కోసం దసరా దాకా ఉద్యోగం ఆపి ఉంచుతామన్నారు" అన్నాను, ఒక్క తడబాటు లేకుండా. ఏ కంపెనీ, ఎక్కడ అని నాన్న రెండుసార్లు అడిగారు. చివరికి, "అయితే ఉండు, చూద్దాం" అన్నారు. పొద్దున చెప్పాల్సిన అబద్ధం ఇప్పుడు చెప్తున్నవా అని అన్న తల కొట్టుకున్నాడు.

దసరా తర్వాత ఒక పెద్ద హాలు నిండా ఉన్న జనంలో కూర్చుని పరీక్ష రాశాను. ఉద్యోగం వచ్చింది, అందులోనే తల నెరిసింది. నాన్న మాత్రం ఇంటికి ఎవరొచ్చినా, మావాడి కోసం పంజాగుట్టలో అంత పెద్ద కంపెనీ ఆరు నెలలు కుర్చీ ఖాళీగా ఉంచిందని ఇప్పటికీ చెబుతారు. ఈమధ్య ఆరు నెలలు కాస్తా ఏడాది అయింది. నేను దిద్దను. తలొంచుకుని, లోపల్లోపల నవ్వుకుంటూ అన్నం కలుపుకుంటాను.